కరెంటు ఉన్న జాగా

ఈద్ సెలవులకి సముద్రం ఒడ్డున జాగా దొరికిందని యిర్మీయా ప్లాంటులో కనబడ్డ వాళ్లందరికీ చెప్పుకున్నాడు. అతని భార్య షాలిని మాత్రం క్యాంపు గేటు దగ్గర అద్దె వినగానే మొహం తిప్పేసుకుంది.

సౌదీలో యాన్బు దాటి ఉత్తరంగా తబూక్ వైపు వెళ్లే రోడ్డు పక్కన ఉంది ఆ క్యాంపు. ఇసుకలో సున్నంతో గళ్లు గీసి, ఒక్కో గడికి ఒక నంబరు పలక పాతారు. ఒక గడి ఒక బండికి జాగా. కొన్ని జాగాలకొకటి చొప్పున కరెంటు డబ్బా. మామూలు రోజుల్లో జాగా అద్దెలోనే కరెంటు కలిసి ఉండేది. పండగకి అద్దె రెట్టింపు చేసి, కరెంటుని దాన్నుంచి విడగొట్టి, దానికో రేటు పెట్టారు. నీళ్ల ట్యాంకు నింపుకుంటే వేరే, టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసుకుంటే వేరే. ఆ ఖాళీ చేసే గొయ్యికి మూత సరిగా పడదు. గాలి ఇటు మళ్లినప్పుడల్లా కంపు క్యాంపంతా తిరిగొచ్చేది.

"దీనికి మాత్రం డబ్బులడగట్లేదు, సంతోషం," అన్నాడు యిర్మీయా ముక్కు మూసుకుని.

గేటు దగ్గర వసూళ్లు చూసే అఖీల్‌ది రాయచోటి. తెలుగు వినగానే లేచి నిలబడ్డాడు గానీ రేటు తగ్గించలేదు. "రేట్లు నేను పెట్టేదా అన్నా? ముదీరు, మా మేనేజరు, పెడ్తాడు, నేను వసూలు జేస్తా. జనరేటర్లు గూడా ఆడించొద్దన్యాడు ఈ సెలవుల్లో. కరెంటు కావాలంటే మా డబ్బా నుంచే తీసుకోవాల."

"ఇది దోపిడీ కాదా?"

"దోపిడే. నన్నేం జెయ్యమంటావు?"

యిర్మీయా పళ్లు నూరుకుంటూ కట్టాడు. ఆ పూటంతా అదే మాట. అన్నం తింటూ, కుర్చీలు వేస్తూ, సముద్రంలో కాళ్లు తడుపుకుంటూ కూడా ఆ డబ్బునే తిట్టాడు. షాలినికి అందులో తప్పు కనబడలేదు. ఇద్దరూ పాలకొల్లు పక్క వాళ్లు. ఆమె యాన్బులో ఆస్పత్రి నర్సు, అతను ప్లాంటులో టెక్నీషియను. పెళ్లయినప్పట్నుంచీ ఆమె నైట్ డ్యూటీలు, అతని షిఫ్టులు. ఒకరి మొహం ఒకరు తీరిగ్గా చూసుకున్నది తక్కువ. ఊరెళ్లిపోతున్న ఒక డచ్చి ఇంజనీరు దగ్గర పడకలూ పొయ్యీ ఉన్న ఈ పాత బండి కొన్నది అందుకే. ఆమె దాన్ని ఇంటిబండి అనేది. అందులో కూర్చుని టీ తాగుతుంటే తనకీ సొంత ఇల్లుందనిపించేది.

మర్నాడు పొద్దున్నే పక్క జాగాలోకి ఒక పాత హైయేస్ వ్యాను వచ్చి ఆగింది. లోపల బెంచీ తీసేసి మంచం బిగించారు, కిటికీలకి పూల గుడ్డ తెరలు. నడిపి వచ్చిన ముసలాయన దిగి, తలుపు పట్టుకుని కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. నర్సు కన్ను కదా, షాలిని అది చూసి ఊరుకోలేకపోయింది. మంచినీళ్లు పట్టుకెళ్లింది.

ఆయన పేరు పీర్ సాహెబ్, కర్నూలు మనిషి. తబూక్‌లో ఒక అరబ్బు ఇంట్లో సగం జీవితం డ్రైవరీ చేశాడు. ఊపిరితిత్తులు చెడి, ఇక తిరిగి రానని ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని జెద్దా నుంచి విమానం ఎక్కడానికి వెళ్తున్నాడు. కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న ఆ అరబ్బు, దయగలవాడు, ఆ వ్యానూ ఇచ్చాడు, ఆక్సిజన్ మిషనూ కొనిచ్చాడు. భార్య కరీమున్నీసా విజిట్ వీసా మీద వచ్చి కొన్ని నెలలైంది.

"ఈమె సముద్రం సూడలేదమ్మా," అన్నాడాయన. "ఇన్నేండ్లు నేను పంపిన ఫోటోల్లోనే సూసింది. పొయ్యే ముందు రెండు దినాలు ఒడ్డున ఉంచుదామని."

"నాకేం సముద్రం పిచ్చి లేదు," అంది కరీమున్నీసా. "ఆయనకే."

కూర్చుని ఉంటే ఆయనకి ఫరవాలేదు గానీ పడుకుంటే మిషన్ ఆడాలి. దానికోసం వ్యాను వెనక చిన్న జనరేటరు కట్టుకుని వచ్చాడు. ఇక్కడ జనరేటరు కూడదన్నారు. డబ్బా నుంచి కరెంటు అడిగితే, లైన్లన్నీ ఇచ్చేశాం, ఇక లేవన్నారు. గేటులో కట్టిన జాగా డబ్బు వెనక్కి రాదన్నారు.

షాలిని వచ్చి మొగుడికి చెప్పింది. యిర్మీయా వెంటనే లేచాడు. "దాందేముంది, మన లైన్లోంచి ఒక వైరు లాగుదాం," అని బండి కింద నుంచి పొడుగు వైరు తీసి, రెండు జాగాల మధ్య ఇసుకలో పాతి, పది నిమిషాల్లో మిషన్ ఆడించాడు. పీర్ సాహెబ్ అతని చేతులు పట్టుకున్నాడు. షాలినికి ఆ క్షణం మొగుడి మీద పెళ్లినాటి ఇష్టం పుట్టింది. మధ్యాహ్నం చేపల పులుసు పెట్టి, గిన్నె నిండా ఆ వ్యానులోకి కూడా పంపింది.

ఆ మర్నాడు పొద్దున, తువ్వాళ్లు ఆరేస్తుంటే కరీమున్నీసా వచ్చింది. కొంగు ముడి విప్పి, మడత పెట్టిన నోట్లు షాలిని చేతిలో పెట్టింది.

"నీ మొగునికియ్యమ్మా. ఈ పొద్దుటిది. నిన్న రెండు దినాలవీ ఒకేసారి ఇయ్యమన్యాడు, నా కాడ లేకపాయె. మా ఆయన కార్డు తీస్కపోయి ఏటీఎంలో తీస్కొచ్చినాడు ఇప్పుడు. ఆలస్యమైందని ఏమనుకోవద్దని చెప్పు."

షాలినికి మొదట అర్థం కాలేదు. "దేనికమ్మా ఇవి?"

"కరెంటుకు."

నోట్లు చూసింది. క్యాంపు వాళ్లు కరెంటుకి వసూలు చేస్తున్న దానికంటే ఎక్కువే ఉన్నాయి. వాటిని వెనక్కివ్వబోతే ముసలామె తీసుకోలేదు, రోషంగా తల ఊపి వెళ్లిపోయింది.

యిర్మీయా బండి వెనక కూర్చుని ఇంకో వైరుకి ప్లగ్గు బిగిస్తున్నాడు. వెనక వరసలో రెండు బండ్లున్నాయి. ఒకటి ఎవరో లాహోరీ వాళ్లది, ఒకటి కేరళ కుటుంబానిది. వాటిలోకి కూడా ఇసుక కిందుగా వైర్లు వెళ్తున్నాయని ఆమె అప్పుడు గమనించింది.

"వాళ్ల దగ్గర డబ్బులు తీసుకుంటున్నారా?"

అతను తలెత్తి నవ్వాడు. దాచే ఉద్దేశమే లేదు. "నిన్నట్నుంచి. నీకు చెబుదామనే ఉన్నాను. జాగా, కరెంటు, నీళ్లు, అన్నీ కలిపి మనకి ఈ ట్రిప్పు ఊరికే పడిపోయింది షాలినీ. పైన ఇంకా మిగుల్తుంది కూడా."

"పెద్దాయన ఊపిరికండీ అది."

"ఊపిరైనా ఏసీ అయినా మీటరు ఒకటే. నేనేం గొంతు మీద కత్తి పెట్టానా? ఆయనకి అవసరం, నా దగ్గర ఉంది. ఈ క్యాంపోడు మనల్ని పీల్చుకు తింటుంటే ఏమన్నావు నువ్వు?"

"క్యాంపోడు కూడా ఇంత తీసుకోలేదు."

"క్యాంపోడు లేదన్నాడు. నేనిచ్చాను. దానికే ఎక్కువ."

అతని మూతికి పొద్దున తిన్న గుడ్డు సొన అంటుకుని ఎండిపోయి ఉంది. రోజూ చూసే మొహమే. ఆమె చూపు తిప్పుకుంది. అక్కడ నిలబడలేక నీళ్ల దాకా నడిచి వెళ్లింది. సముద్రం మీంచి వస్తున్న గాలి వెనక్కి మళ్లి, ఆ గొయ్యి కంపు తెచ్చి ఆమె మీద పోసింది. వాంతి రాలేదు గానీ నోరంతా చేదెక్కింది. తిరిగొచ్చి, నోట్లు తీసుకెళ్లి ఆ ముసలామెకి ఎలా ఇవ్వాలా అని ఆలోచిస్తూ కూర్చుంది. మధ్యాహ్నం ఆయన నిద్ర లేచాక, ఇద్దరి ముందూ పెట్టి క్షమించమందాం అనుకుంది.

ఆ అవకాశం రాలేదు. ఎండ నడినెత్తికొచ్చేసరికి వెనక రెండు బండ్లలోనూ ఏసీలు ఆన్ చేశారు. యిర్మీయా కూడా వేశాడు. డబ్బాలో టప్పుమని శబ్దం వచ్చి అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఫ్రిజ్ ఆగింది, ఫ్యాను ఆగింది. పక్క వ్యానులోంచి మిషన్ కూత వినబడింది, కరెంటు పోతే అరిచే కూత.

షాలిని చెప్పుల్లేకుండానే పరిగెత్తింది. పీర్ సాహెబ్ మంచం మీద లేచి కూర్చోవాలని చూస్తున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. ఆమె ఆయన్ని కూర్చోబెట్టి, ముందుకి వంచి, దిండు ఒళ్లో పెట్టి దాని మీద చేతులు ఆనించమంది. "కంగారు పడకండి. మూతి సున్నాలా పెట్టి మెల్లగా వదలండి. ఇంకా మెల్లగా." కరీమున్నీసా విసనకర్రతో విసురుతోంది. కాసేపటికి ఆయన ఊపిరి కొంచెం దారిలో పడింది.

ఈలోగా అఖీల్ ఇద్దరు కాపలావాళ్లని వెంటేసుకుని వచ్చాడు. మాడిన డబ్బా చూశాడు, ఇసుకలోంచి వైర్లు పైకి లాగాడు. ఒకటి వ్యాను వైపు తేలింది.

"ఎవురు లాగినారు ఇవి? ముదీరు ఫైన్ ఎయ్యమంటాండాడు."

షాలిని వ్యాను తలుపు దగ్గరికి వచ్చింది. యిర్మీయా డబ్బా పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతను అఖీల్ వైపు చూసి, గొంతు తగ్గించి, స్పష్టంగా అన్నాడు:

"నాకేం తెలుసు తమ్ముడూ. రాత్రి ఆ ముసలాయనే నా లైన్లోకి తగిలించుకున్నట్టున్నాడు. పాపం, ఫైనల్ ఎగ్జిట్ మీద పోతున్నాడు. చూసీ చూడనట్టు వదిలెయ్యి."

కరీమున్నీసా విసరడం ఆపేసింది. షాలిని వైపు కూడా చూడలేదు. మొగుడి తల మీద చెమట కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది. ఆ నిబ్బరం షాలినిని కోసేసింది. దొంగతనం అంటగడితే తిరిగి అరిచే అలవాటు కూడా లేని మనుషులు.

"అబద్ధం, అఖీల్," అంది షాలిని. "వైర్లు లాగింది మా ఆయన. ఈయన దగ్గర్నుంచీ, వెనక రెండు బండ్ల దగ్గర్నుంచీ డబ్బులు తీసుకున్నాడు. వీళ్లని ఒక్క మాట అనకు."

యిర్మీయా మొహం ఎర్రబడింది. "నోరు మూసుకుంటావా?"

"ఇప్పటిదాకా మూసుకునే ఉన్నాను."

వెనక బండ్లవాళ్లు కూడా వచ్చారు. లాహోరీ ఆయన ఉర్దూలో తన డబ్బు తనకిచ్చెయ్యమన్నాడు. షాలిని అఖీల్ దగ్గరికి వెళ్లి బతిమాలింది. "ఫైన్ సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. ముందు ఇంకో డబ్బా నుంచి ఈ ఒక్క మిషన్‌కి కరెంటివ్వు. మనిషి ప్రాణం."

అఖీల్ ఫోన్ చేశాడు. అరబ్బీలో రెండు మాటలు మాట్లాడి, విని, తలొంచుకున్నాడు. "ఫైన్ గట్టినాంకనే ఇయ్యమంటాండాడు అక్కా. కొత్త లైనుకు మళ్లా అడ్వాన్సు గూడా. జనరేటరు గూడా వద్దంటాండాడు. నా చేతిలో ఏం లేదు."

ఆమె అతని మొహంలోకి చూసింది. గేటు దగ్గర లేచి నిలబడిన మనిషే. మంచివాడే అయ్యుండొచ్చు. ఆ మంచితనం మీద ఆమెకి అప్పుడు ఉమ్మేయాలనిపించింది.

షాలిని వెనక్కి తిరిగింది. కాపలావాళ్ల సాయంతో పీర్ సాహెబ్‌ని కుర్చీతో సహా ఎత్తించి ఇంటిబండిలోకి చేర్చింది. మిషన్‌ని బండి బ్యాటరీ ఇన్వర్టరుకి తగిలించి, ఇంజను స్టార్ట్ చేసి, అది ఆడుతోందని నిశ్చయించుకుంది. గొట్టం ఆయన ముక్కుకి పెట్టాక మణికట్టు పట్టుకుని నాడి లెక్క చూసింది. పర్సు తెరిచి పొద్దుటి నోట్లు కరీమున్నీసా ఒళ్లో పెట్టింది. ఈసారి ముసలామె కాదనలేదు.

"ఎక్కడికి?" అన్నాడు యిర్మీయా కిటికీ దగ్గరికి వచ్చి.

"మా ఆస్పత్రికి. మీరు తీసుకున్న డబ్బులు ఎవరివి వాళ్లకి ఇచ్చేసి, ఫైన్ కట్టి, వాళ్ల వ్యాను నడుపుకుంటూ రండి."

"నేనా? ఆ డొక్కు వ్యానా?"

ఆమె అద్దం ఎక్కించింది.

గేటు దాటి రోడ్డెక్కాక ఆమె స్టీరింగుని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. లైసెన్సు తీసుకుని రెండేళ్లవుతున్నా ఇంత పెద్ద బండి ఎప్పుడూ ఒంటరిగా నడపలేదు. ఎడమ పక్కన ఇసుక, కుడి పక్కన సముద్రం. వెనకనుంచి కరీమున్నీసా అంది, "నిదానంగా పో బిడ్డా. ఆయన బాగానే ఉండాడు." కొంచెం ఆగి, "మొగున్ని నలుగుర్లో అట్ల అనకుండా ఉంటే బాగుండేమో," అని కూడా అంది. తమకి దొంగతనం అంటగట్టినవాడి పరువు గురించి కూడా ఈమే కంగారుపడాలా అనుకుంది షాలిని.

ఆస్పత్రిలో పీర్ సాహెబ్‌ని రెండు రోజులు ఉంచుకున్నారు. ఆ తర్వాత విమానం దాకా ఆ దంపతులు షాలిని ఫ్లాట్‌లోనే ఉన్నారు. యిర్మీయా వాళ్లతో ఎంతో మర్యాదగా మసిలాడు. ముసలాయనకి పళ్లు తెచ్చాడు, జెద్దా దాకా తనే వ్యాను నడిపాడు. విమానాశ్రయంలో పీర్ సాహెబ్ అతన్ని కౌగిలించుకుని దువా చేశాడు. యిర్మీయా కళ్లు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్లు నిజమైనవే. పక్కనే నిలబడ్డ షాలినికి అవి చూసి మరింత రోత పుట్టింది.

తిరుగుదారిలో అతను అన్నాడు, "ఆయనే క్షమించేశాడు. నీకేమిటి?"

"ఆయన వెళ్లిపోయాడండీ. నేను మీతో ఉండాలి."

ఆ మాట మీద పోట్లాట కాలేదు, రాజీ కాలేదు. ఇంట్లో వంట జరిగింది, షిఫ్టులు జరిగాయి. అతను ముద్ద కలుపుకుంటుంటే ఆమె ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయేది. చలికాలం సెలవులు దగ్గరపడగానే యిర్మీయా మళ్లీ క్యాంపు మాట ఎత్తాడు. రాబిగ్ వైపు ఇంకోటి తెరిచారట, అద్దె తక్కువట. షాలిని ఆ సెలవుల్లో డ్యూటీ తనకే వెయ్యమని అప్పటికే హెడ్ నర్సుకి చెప్పి ఉంచింది. అతను ఒక్కడే బండి తీసుకుని వెళ్లాడు. ఆమె కిటికీ దగ్గరికి కూడా రాలేదు. యూనిఫాం ఇస్త్రీ చేసుకుని, టీ పెట్టుకుని, ఎన్నాళ్లకో నోట్లో చేదు లేకుండా తాగింది.