చెల్లసామి మామ ఒళ్లు విదిలించిన రోజు

ఆదివారం టీవీలో వచ్చే కథల్లో వారం వారం ఎవరో ఒకరు చస్తారు. ఆ చావు నవ్వొచ్చేలా ఉంటుంది. ఒక వారం కథకూ మరో వారం కథకూ సంబంధం ఉండదు. 1999 ఎండాకాలంలో అలాంటి కథ ఒకటి తీయడానికి మద్రాసు నుంచి వ్యాను కడంబూరు దాటి మా ఊరికి వచ్చింది. తాగుబోతు మొగుణ్ణి పెళ్లాం నరికేసే కథ. డైరెక్టరుకు మా తంగమ్మాళ్ అత్త ఇల్లు నచ్చింది.

మొగుడి వేషం కట్టాల్సినాయన మొదటి రోజే ఎండదెబ్బకు పడిపోతే కోవిల్‌పట్టి ఆస్పత్రికి తీసుకుపోయారు. డైరెక్టరు తల పట్టుకుని చూస్తే అరుగు మీద చెల్లసామి మామ పంచె ఊడి పడుకుని ఉన్నాడు. పొద్దున్నే తాగేసి ఉన్నాడు. అత్త మొగుడే ఆయన.

"ఇంతకంటే ఎవరు దొరుకుతారు?" అన్నాడు డైరెక్టరు.

పెళ్లాం వేషం వేసే ఆవిడ మామ కంపు భరించలేక వ్యాను ఎక్కి కూర్చుంది. అందుకని అత్తనే నిలబెట్టి వెనకనుంచి తీస్తామన్నారు.

మొదట చెంపదెబ్బ. అత్త మామ చెంపను దుమ్ము తుడిచినట్టు తాకింది. అంతకు ముందు ఏడాది ఆయన రోకలితో కొడితే విరిగిన మణికట్టు ఆమెకు వంకరగానే అతుక్కుంది. ఆ చెయ్యి ఎవరి మీదా లేచింది లేదు.

"కోపంగా అమ్మా, కోపంగా. ఇంకోసారి."

ఇంకోసారి కొట్టింది. తర్వాత ఇంకోసారి. మధ్యాహ్నానికి మామ పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారుతుంటే, రంగు పూసే అతను పని తప్పిందని పక్కకు పోయి బీడీ వెలిగించుకున్నాడు. ఊరంతా గోడ చుట్టూ చేరింది.

"కొట్టవే, కొట్టు," అన్నాడు మామ, పళ్ల సందుల్లోంచి. "వీండ్లు ఎప్పుడైనా పోవాల్సిందే కదా. పోయినాక నిన్ను ముక్కలు కోసి బావిలో ఏస్తాను చూడు."

డైరెక్టరు తొడ చరుచుకున్నాడు. "అయ్యా, ఈ మాట బాగుంది. కెమెరా వైపు చూసి మళ్లీ చెప్పండి."

మామ మళ్లీ చెప్పాడు. ఈసారి నింపాదిగా, ఒక్కో మాటా నములుతూ. అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు. ఆయన చెప్పింది చేస్తాడని ఆమెకు తెలుసు. మర్నాటి సాయంత్రానికి వ్యాను వెళ్లిపోతుందనీ తెలుసు.

మర్నాడు నరికే సీను. మా గుడిలో మేకలు నరికేది మామే. అది విని డైరెక్టరుకు కొత్త ఆలోచన వచ్చింది. మేక మీద పసుపునీళ్లు పోసి, అది ఒళ్లు విదిలిస్తేనే నరుకుతాం. విదిలిస్తే సామి ఉత్తరవు ఇచ్చినట్టు. విదిలించాక కత్తి ఆపితే ఊరికి కీడు. సీనులో మేక బదులు మొగుడు మోకాళ్ల మీద కూర్చుంటాడు.

"చూసేవాళ్లు పడీ పడీ నవ్వాలి," అన్నాడు డైరెక్టరు. "మీరు మాత్రం కదలకండి అయ్యా. కదలకుండా ఉంటేనే కామెడీ."

"కదిలితే తల పోతాదని నాకు తెలీదా?" అన్నాడు మామ. "ఎన్ని మేకల్ని చూసినోణ్ణి."

సీను కోసం తెచ్చిన అట్ట కత్తి పసుపునీళ్లకు నాని వంకాయ తొడిమలా వేలాడింది. పిల్లలు ఈలలు వేశారు. డైరెక్టరు చిరాకుపడి గుడిలోని అరువా తెప్పించాడు. వంపు తిరిగిన పెద్ద కత్తి అది. "ఊరికే ఎత్తి పట్టుకోమ్మా. దింపొద్దు," అని అత్తకు చెప్పాడు.

అత్త ఎత్తింది. ఒకతను బిందెతో నీళ్లు పోశాడు. మామ రాయిలా కూర్చున్నాడు. డైరెక్టరు ఇంకొంచెం పొయ్యమన్నాడు. నీళ్లు కళ్లలోకి, చిట్లిన పెదవిలోకి దిగాయి. మామ దవడ బిగించాడు. మూడో బిందె చెవిలో పడింది.

మామ తల అటూ ఇటూ ఆడి, భుజాలు ఆడి, వెన్ను చివరిదాకా ఒళ్లంతా విదిలించుకున్నాడు.

గుడి ఊడ్చే సెల్లత్తాయి అవ్వ దండం పెట్టుకుని, "ఉత్తరవు ఇచ్చేసినాడు. ఇంక నిలపకూడదు తల్లీ," అంది.

మామ తలెత్తి అత్తను చూశాడు. అత్త కత్తి దింపింది.

అది మెడకూ భుజానికీ మధ్య దిగబడింది. నెత్తురు ఎగిరి గోడకు, కెమెరా అద్దానికి, డైరెక్టరు చొక్కాకు కొట్టింది. మామ లేవబోయి మోకాళ్ల మీదే తూలాడు. అత్త కాలు ఆయన వీపున పెట్టి కత్తి ఊడలాగి మళ్లీ వేసింది. రెండో వేటు పడగానే మగవాళ్లు నాలుక చప్పరించారు. మేకనైనా ఒక్క వేటుకే తెగ్గొట్టాలి. రెండు పడితే దోషం.

డైరెక్టరు వ్యాను ఎక్కి పారిపోయాడు. కెమెరా, తీసింది వేసి చూసుకునే చిన్న టీవీ పెట్టె ఇక్కడే మిగిలాయి.

ఇన్‌స్పెక్టరు వచ్చి, "నరికింది ఎవరు?" అని అడిగాడు.

"వాడు ఒళ్లు విదిలించినాడయ్యా," అంది ఊరు.

"నేను అడిగింది అది కాదు."

"మేకనైతే ఇట్ల అడుగుతారా సామీ?" అంది సెల్లత్తాయి అవ్వ.

ఆ చిన్న టీవీలో టేపు వేయించుకుని చూశాడు ఇన్‌స్పెక్టరు. ఆయనది వెంబకోట్టై పక్క ఊరు, అక్కడా మేక విదిలిస్తేనే నరుకుతారు. వెనక్కి తిప్పించి మళ్లీ చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "విదిలించినాడు," అన్నాడు మెల్లగా. ఆటకని నిజం కత్తి ఇచ్చిన డైరెక్టరుదే తప్పని రాసుకున్నాడు. విరుదునగరం బస్టాండులో టీ తాగుతుంటే డైరెక్టరు దొరికాడు. చొక్కా కూడా మార్చుకోలేదట.

కొన్ని నెలలకు, ఒక ఆదివారం సాయంత్రం, ఆ కథ టీవీలో వచ్చింది. పంచాయతీ టీవీ ముందు నేనూ అత్తా కూర్చున్నాం. ఊళ్లోవాళ్లు అత్తకు ముందు వరస ఇచ్చారు. నరికిన సీను వేయకూడదు కాబట్టి వేరెవరో మొదటి రోజు తీసిన టేపునే అతికించి కథ మార్చేశారు. అందులో మామ చావలేదు. చెంపదెబ్బలు తిని నేల మీద పడి ఉన్నవాడు, సన్నాయి మోగగానే లేచాడు. పంచె దులుపుకున్నాడు. పెదవి తుడుచుకుని, చెయ్యి ఎత్తి మా వైపే నడిచి వచ్చాడు.

అందరూ విరగబడి నవ్వారు.

అత్త నవ్వేవాళ్లను చూడలేదు. టీవీనే చూస్తూ, వంకర చేత్తో నన్ను తన వెనక్కి నెట్టి లేచి నిలబడింది.