గోళ్ళరంగు వాసన

మొగుడి చేతుల్లోంచి గోళ్ళరంగు తుడిచే మందు వాసన వస్తోందని జిప్పులమ్మ పసిగట్టింది, ఆయన మంచినీళ్ళ గ్లాసు అందుకునేటప్పుడు. ఒకసారైతే పోనీలే అనుకునేది. మర్నాడూ అదే వాసన. ఆ మర్నాడూ అదే. ఆయన సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని మరీ వస్తున్నాడు పాపం. కానీ ఆ ముక్కు ఎవరిదనుకున్నారు?

జిప్పులమ్మ అంటే అసలు పేరు కాదు లెండి. ఆ వీధిలో ఎవరి ప్యాంటు జిప్పు ఊడొచ్చినా, ఎవరి బ్యాగు నోరు మూతపడకపోయినా ఆవిడ కుట్టుమిషను దగ్గరికి రావాల్సిందే. ఊళ్ళో బ్యాగుల నోళ్ళన్నీ మూయిస్తుంది గానీ తన నోరు మాత్రం మూయదని ఆయన అంటుండేవాడు. అదీ ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడు, గొంతు తగ్గించి.

ఇంతకీ ఆవిడ గోళ్ళకి రంగన్నదే తెలియదు. సూదీ దారంతో బతికే చేతులు, గోరు కాస్త పెరిగితే గుడ్డకి పట్టుకుంటుంది. మరి ఇంట్లో లేని వాసన మొగుడి చేతికి ఎక్కడినుంచి వచ్చినట్టు? ఆయన పని చేసేది విదేశీ సరుకులమ్మే దుకాణంలో, వెనకాల స్టోరు రూములో. అక్కడ ఉండేవి డబ్బాలూ అట్టపెట్టెలూ. గోళ్ళున్నది ఒక్కరికే. ముందు కౌంటర్లో కూర్చునే అమ్మాయికి. ఎర్రగా, పొడుగ్గా, నిగనిగలాడుతూ. జిప్పులమ్మ ఒకసారి చూసింది. ఒకసారి చాలు.

ఆ రాత్రి ఆయన బ్యాగు జిప్పు సరిచేసే మిషతో లోపలికి చెయ్యి పెట్టింది. సగం ఖాళీ అయిన రిమూవర్ సీసా ఒకటి, దూది ఉండ ఒకటి దొరికాయి.

"రంగు తుడిచిపెట్టేదాకా వచ్చిందా వ్యవహారం! నా కాలికి ముల్లు గుచ్చుకుంటే తీయని మనిషి!" అని గోడకేసి చూస్తూ గొణుక్కుంది. నవ్వకండి. మొగుడు ఇంకో ఆడదాని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని దూదితో ఒక్కో గోరూ తుడుస్తున్నట్టు కళ్ళకి కట్టాక, ఎవరికి మాత్రం కునుకు పడుతుంది?

ఇంకొకటి కూడా ఉంది. ఇదివరకు ఆయన నెలకోసారైనా ఏదో ఒకటి తెచ్చేవాడు. రేకు డబ్బాలో బిస్కెట్లో, మెరిసే కాగితంలో చాక్లెట్లో, ఏ భాషో తెలియని అక్షరాలున్న జాము సీసానో. అందులో సగం ఆవిడ పైపోర్షన్ పిన్నికి పంచిపెట్టి, "మావారు తెచ్చారు, మనకి ఇవి లెక్కా?" అని గొప్పలు పోయేది. ఈమధ్య అదంతా బంద్. వట్టి చేతులు, ఆ చేతులకి ఆ వాసన.

"ఏమండీ, ఈమధ్య బిస్కెట్లు గట్రా తేవడం మానేశారేం?"

"అవి ఒంటికి మంచివి కావులే," అన్నాడు ఆయన, మొహం పక్కకి తిప్పుకుని.

"ఎవరి ఒంటికి మంచివో మరి!"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. పలకని మొగుణ్ణి ఏమని కడగాలి?

పైపోర్షన్ పిన్ని ఊరుకునే మనిషా! సంగతి వినగానే మెట్ల మీదే కూలబడి ఆజ్యం పోసింది. "ఆ పిల్ల మీ ఆయన్ని ఏమని పిలుస్తుంది?"

"అన్నయ్యా అని."

"అయితే ఇంకేం! సార్ అని పిలిచేవాళ్ళతో భయం లేదే పిచ్చిదానా. అన్నయ్యా అని మొదలుపెట్టేవాళ్ళనే కాచుకుని ఉండాలి," అంది పిన్ని. అలా అని ఎక్కడ రాసుందో అడగాలని జిప్పులమ్మకి తోచనే లేదు. కడుపు మండుతున్నప్పుడు పిన్ని మాటే చట్టం.

మర్నాడు పొద్దున ఆయన స్నానానికి వెళ్ళగానే ఫోను మోగింది. మెసేజీ. 'రేపు పదకొండుకి. మాటిచ్చారు, గుర్తుందిగా అన్నయ్యా.' జిప్పులమ్మ అది చదివి ఫోను ఎక్కడ తీసిందో అక్కడే పెట్టేసింది. ఆయన బయటికొచ్చి, అది చూసుకుని, గబుక్కున జేబులో వేసుకున్నాడు. ఇంక తాడో పేడో ఇవ్వాళే అనుకుంది. కుట్టాల్సిన ప్యాంట్లన్నీ ఓ మూలకి నెట్టేసి, మధ్యాహ్నానికల్లా దుకాణం ముందు తేలింది.

పెద్ద అద్దాల దుకాణం. లోపల చల్లగా ఉంటుందని బయటినుంచే తెలుస్తుంది, అద్దం మీద చెయ్యి పెడితే. వరసల్లో రంగురంగుల డబ్బాలు, సీసాలు, పసిపిల్లల పాలపొడి, ఏవేవో దేశాల జెండాలు. షెల్ఫుల మధ్యన ఆయనా, ఆ పిల్లా. ఆ పిల్ల ఆయన మణికట్టు పట్టుకుని ఉంది! గుసగుసగా ఏదో అంటోంది, కళ్ళు తుడుచుకుంటోంది. ఆయన చేతిలోని డబ్బా కోసం ఇద్దరూ పెనుగులాడుకుంటున్నారు. ఆఖరికి ఆయనే తలొంచుకుని డబ్బా ఆ పిల్ల చేతుల్లో పెట్టేశాడు.

జిప్పులమ్మ కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. నాకు బిస్కెట్టు ముక్క లేదు, దానికి డబ్బాలకి డబ్బాలా!

నేరుగా షావుకారు గదిలోకే వెళ్ళింది. "మీ కౌంటరు పిల్ల నా మొగుడి వెంట పడుతోంది. అది ఉంటే మావారు ఉండరు. ఏదో ఒకటి తేల్చండి," అంది నుంచునే.

మామూలుగా అయితే ఇలాంటి గొడవకి ఏ షావుకారైనా విసుక్కుంటాడు. ఈయన మొహం మాత్రం వెలిగిపోయింది. కుర్చీ వేయించాడు. "అయ్యో అయ్యో, సంసారాలు కూల్చే మనుషుల్ని నా దుకాణంలో ఉంచుతానామ్మా? మీరొచ్చి ఆ మాటే అందరి ముందూ చెప్పండి, చాలు," అన్నాడు.

చెప్పింది. చెప్పిందా? అద్దంలోంచి తను చూసిన డబ్బా పెనుగులాటతో సహా ఊరందరికీ వినపడేలా అరిచింది. సరుకు కొంటున్నవాళ్ళంతా బుట్టలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒకసారి ఆయన వైపు చూసింది. ఆయన స్టోరు రూము గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చూపు నేలకి దించేశాడు. షావుకారు వేలు గుమ్మం వైపు చూపించాడు. ఆ పిల్ల తన బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

షావుకారు జిప్పులమ్మకి పెద్ద చాక్లెట్ల పెట్టె బహుమతిగా ఇచ్చి పంపాడు. దారి పొడుగునా ఆవిడ దాన్ని గెల్చుకున్న కప్పులాగా గుండెలకి హత్తుకుని మరీ నడిచింది.

సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి పెట్టె విప్పుకుని కూర్చుంది, కావాలనే గుమ్మానికి ఎదురుగా. ఏడుస్తాడా, తిడతాడా, చూద్దాం. "రండి రండి, ఇవ్వాళ మేమూ తింటాం చాక్లెట్లు," అంటూ ఒకటి నోటిదాకా తెచ్చింది.

ఆయన ఒక్క అంగలో వచ్చి ఆవిడ చేతిమీద కొట్టాడు. చాక్లెట్టు గోడకి తగిలి కిందపడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన చెయ్యి ఎత్తడం అదే మొదలు.

"ఓహో! అదైతే తినచ్చు, నేను తినకూడదా?" అంటూ జిప్పులమ్మ అగ్గిమీద గుగ్గిలమై లేచింది.

"అవి ఎవరూ తినకూడదే! ఎప్పుడో గడువైపోయిన సరుకది. దాని మీద తేదీ తుడిచింది ఈ చేతులతో నేనే," అని నేలమీద కూలబడ్డాడు.

అప్పుడు చెప్పాడు, ఒక్కొక్క ముక్కే. ఓడలమీద వచ్చి గోడౌన్లలో మగ్గిన సరుకుని షావుకారు చవగ్గా ఎత్తుకొస్తాడు. గడువు దాటినవే అన్నీ. స్టోరు రూములో కూర్చుని దూదిని రిమూవర్లో ముంచి డబ్బా అడుగున తేదీ తుడవడం, కొత్త తేదీ ముద్ర కొట్టడం ఈయన పని. కనిపెట్టింది కౌంటరు పిల్లే. ఒకావిడ పాలపొడి డబ్బా తిరిగి తెచ్చి, పిల్లాడు తాగిందంతా కక్కేస్తున్నాడని ఏడ్చిందట. ఆ పిల్ల డబ్బా తిప్పి చూసి, తిన్నగా స్టోరు రూముకొచ్చిందట.

"చూసి ఏమంది?"

"మీరూ ఒక మనిషేనా అంది. ఇవ్వాళ నువ్వు చూసింది అదే. మళ్ళీ పాలపొడి డబ్బాలు బయట పెట్టబోతుంటే లాక్కుంది. దాన్ని గెంటెయ్యడానికి షావుకారు సాకు కోసమే చూస్తున్నాడు."

జిప్పులమ్మకి ముందు ఏం కలిగిందో తెలుసా? సంతోషం! సిగ్గులేకుండా చెప్పాలంటే పొంగిపోయింది. గోళ్ళు లేవు, ఒళ్ళో చెయ్యి లేదు, ఏమీ లేదు. ఇంటికి ఒక్క బిస్కెట్టు కూడా తేకపోవడమే ఆయన ప్రేమ. నా మొగుడు నాకే ఉన్నాడు! ఆ మాట అనుకున్న మరుక్షణం, వాంతి చేసుకుంటున్న ఎవరి పిల్లాడో కళ్ళముందుకొచ్చి పొంగంతా చల్లారిపోయింది.

"మరి రేపు పదకొండుకి?"

"ఆహార తనిఖీ ఆఫీసుకి. ఇద్దరం వెళ్ళి చెప్పేద్దామనుకున్నాం."

"ఇంత జరుగుతుంటే నాతో ఒక్క మాట అనలేదేం?"

"నీతో చెబితే ఏడుస్తావు. ఉద్యోగం పోతే ఏం తింటామంటావు. నాకే భయం, నీ భయం కూడా చూస్తే అడుగు పడదు. ఆ పిల్ల పక్కన నిలబడితే ధైర్యం వచ్చింది," అన్నాడు.

అదిగో, అక్కడ తగిలింది. గోళ్ళరంగుకి పడ్డ ఏడుపు ఏపాటిది! ఇన్నాళ్ళ కాపురంలో తను ఇవ్వలేని ధైర్యం, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల ఇచ్చిందా? మొగుణ్ణి ఎవరన్నా ఎత్తుకుపోతే జుట్టు పట్టుకుని లాక్కురావచ్చు. దీన్ని ఏం పట్టుకుని లాగుతావు?

"ఇంక నా వల్ల కాదు. దానికి పోయిన పరువు చాలు, నేను ఒక్కణ్ణీ ఏ మొహంతో వెళ్ళను?" అన్నాడాయన.

జిప్పులమ్మ చాక్లెట్ల పెట్టె తీసుకెళ్ళి చెత్తబుట్టలో కుక్కింది. పొద్దున్నే ఆయన చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది.

"లేవండి, పదకొండుకి వెళ్ళాలి."

"ఎవరితో?"

"నాతో! ఎవరితో అంట ఎవరితో!"

ఆఫీసు వరండాలో బల్లమీద ఆ పిల్ల ఒక్కతే కూర్చుని ఉంది. ఎవరూ తోడు రాకపోయినా వచ్చేసింది. వీళ్ళని చూసి లేచి, "రండి వదినా," అంటూ పక్కకి జరిగింది. ఎవరే నీకు వదిన, అని నాలుక చివరిదాకా వచ్చింది జిప్పులమ్మకి. మింగేసింది. మింగి, ఇద్దరి మధ్యా కూర్చుంది. ఎంత మారినా అంతవరకే మరి.

లోపల ఆఫీసరు ఆ పిల్ల చెప్పిందంతా విని పెదవి విరిచాడు. "చూడమ్మా, పొద్దున్నే మీ షావుకారు ఫోను చేశాడు. నడత బాగాలేదని నిన్ను తీసేశారట. స్టోరులో పనిచేసే అతని భార్యే వచ్చి గొడవ చేసిందట. ఆ కోపంతో వచ్చావని రేపు వాళ్ళంటే, నేనేం సమాధానం చెప్పను?"

ఆ పిల్ల తల దించుకుంది. ఇప్పుడు నోరు విప్పకపోతే అడిగేవాళ్ళు లేరు. పిన్నికీ వీధికీ అందరికీ తను గెలిచినట్టే. ఆయన ఉద్యోగమూ ఉంటుంది, ఆయనా ఉంటాడు.

"ఆ గొడవ చేసిన భార్యని నేనే. ఈ పిల్ల మీద నేను కూసిందంతా అబద్ధం. కుళ్ళుతో కూశాను," అంది జిప్పులమ్మ. అంత చిన్న గొంతు తనకి ఉందని అప్పటిదాకా ఆవిడకే తెలియదు. "రాసుకోండి సార్. కావాలంటే దుకాణంలో అరిచినట్టే ఇక్కడా అరుస్తాను."

ఆఫీసరు కలం తీశాడు. "సరే. మరి తేదీలు తుడిచేదెవరు? ఈ అమ్మాయిని అడిగితే తెలియదంటోంది."

తెలియదందా! తెలిసి తెలియదందా! ఎంత అవమానం చేసినా మొగుడి పేరు బయటపెట్టలేదు. ఆ మంచితనానికి కృతజ్ఞత కలగాల్సింది పోయి, జిప్పులమ్మకి మళ్ళీ ఒళ్ళు మండింది. నా మొగుణ్ణి కాపాడ్డానికి నువ్వెవరివి?

ఆయన లేచి నిలబడ్డాడు. తప్పు ఒప్పుకుంటే ఉద్యోగం ఒక్కటే కాదు, ఇంకా ఏమేం పోతాయో ఆయనకి తెలుసు, ఆవిడకీ తెలుసు. ధైర్యం కోసం ఆయన కళ్ళు మెల్లిగా కదిలాయి. ఆ పిల్ల వైపు.

జిప్పులమ్మ ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా ఒక్క గుంజు గుంజింది.

"అటు కాదు," అంది, కళ్ళనిండా నీళ్ళతో. "ఇటు చూసి చెప్పండి."

ఆయన ఇటు చూసి, చెప్పాడు.