సీటు కింద పిస్తోలు

ప్రేమ్ కుమార్ రేపల్లెలో మా ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. నా భార్య సుబ్బరత్నమ్మ అన్న కొడుకు. ఎస్సై. ఆమె పోయిన మూడేళ్లలో మా గడప తొక్కడం అదే మొదలు.

"పిస్తోలు పోయింది మావయ్యా."

"ఎక్కడ?"

"తెనాల్లో. పొద్దున ఎనిమిదింటికి టిఫిన్‌కి దిగా. నడుంలో గుచ్చుకుంటోందని తీసి కారు సీటు కింద పెట్టా. వచ్చేసరికి అద్దం పగిలుంది."

"ఏం తిన్నావు?"

"ఏంటి మావయ్యా వేళాకోళం! ఉద్యోగం పోద్ది."

అసలు సంగతి అప్పుడు చెప్పాడు. రాత్రి మా ఇంట్లో పడుకున్నట్టు, పిస్తోలు బీరువాలో పెట్టి తాళం వేసినట్టు, దొంగ పగలగొట్టినట్టు నేను చెప్పాలి.

"మీరు రిటైర్డ్ హెడ్ కానిస్టేబులు. మీ మాట నమ్ముతారు. బీరువా తాళం ఒక్కటి విరగ్గొడితే చాలు."

ఆ బీరువాలో సుబ్బరత్నమ్మ చీరలున్నాయి.

నేను రైఫిల్ మోసే రోజుల్లో బాపట్ల నుంచి ఖైదీల్ని తెనాలి కోర్టుకు తెచ్చేవాళ్లం. మా కాపురం తెనాల్లోనే. మధ్యాహ్నం ఆమె క్యారేజీ పట్టుకుని కోర్టు వసారాకి వచ్చేది. రైఫిల్ నా మోకాళ్ల మధ్య ఉండేది. దాని బెల్టు మణికట్టుకి రెండు చుట్లు. చేతులు రెండూ దాని మీదే. ఆమె గోంగూర కలిపి ముద్దలు నోట్లో పెట్టేది. వేళ్లకి ఉల్లిపాయ వాసన.

"ఏంటమ్మా, మీ ఆయనకి ఇంకా పళ్లు రాలేదా?" అనేవాడు నా జట్టు కానిస్టేబులు అంకారావు.

"ఈ తుపాకీ మీరు పట్టుకోండి అన్నయ్యా, ఆయనే తింటాడు," అనేది ఆమె.

ఎవడూ పట్టుకోలేదు. ఇప్పుడు నా చేతులు రెండూ ఖాళీ. అన్నం సయించదు.

"అత్త ఉంటే ఒప్పుకునేది," అన్నాడు ప్రేమ్ కుమార్.

"మీ అత్త పేరెత్తకు. తూటాలున్నాయా అందులో?"

"ఎనిమిది."

పోయి ఆరు గంటలయింది. అది ఎవడి చేతిలో ఉందో తెలియదు. వీడికి నా బీరువా కావాలి.

"మీ సీఐకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"సస్పెండ్ చేస్తారు మావయ్యా. పిల్లలున్నారు."

"తెనాల్లోనూ ఉన్నారు పిల్లలు."

ఫోన్ తీశాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. చెప్పినంతసేపూ నిలబడే ఉన్నాడు. పెట్టేశాక మంచినీళ్లు అడిగాడు. ఇచ్చాను.

అన్నం తినమని అనలేదు. సుబ్బరత్నమ్మ ఉంటే ఆ మాట అనేది.