వెర్నర్ సాల్మి గురి

తూటాని గొట్టంలోకి తోసే బోల్టు ఊడదీసి గుడ్డ మీద పెట్టి, వెర్నర్ సాల్మి తుపాకీ వెనక నుంచి గొట్టంలోకి ఒంటికంటితో చూశాడు. లోపలి చారలు మెలిక తిరుగుతూ పోయి, చివర చొక్కా గుండీ అంత వెలుగులో ఆగాయి. ఆ వెలుగులో వీధి అవతలి పాలకేంద్రం గోడ, దాని మీద అతనే ఎప్పుడో అంటించిన నల్లచుక్క. చుక్క సరిగ్గా నడిమికి వచ్చేదాకా తుపాకీని ఇసుక సంచుల మీద సర్దాడు. తర్వాత పైనున్న స్కోప్‌లోకి చూస్తూ, దాని గీతలు రెండూ అదే చుక్క మీద కలిసేదాకా మరలు తిప్పాడు. ఒక్కో తుపాకీకి పది నిమిషాలు. పొద్దున ఏడింటి నుంచి ఇది పదకొండోది.

మర తిప్పే ముందు ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతాడు. తుపాకీలో తూటా లేదు, బోల్టే లేదు, అది పేలడం ఏ లోకంలోనూ జరగదు. అయినా వీధిలో మనిషి అడ్డం వస్తే కన్ను తీసేసి, అడుగుల చప్పుడు దాటిపోయేదాకా తల వంచుకుని కూర్చుంటాడు.

అరవై నాలుగేళ్ళ మనిషి. పొడుగు, ఆ పొడుగుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు భుజాలు ముందుకు వంగి ఉంటాయి. వేళ్ళ గీతల్లో తుపాకీ నూనె ఎంత తోమినా పోదు. డెల్బర్ట్ ఇనప సామాన్ల కొట్లో వెనక బల్ల అతనిది, కొట్టు పైనున్న ఒంటిగది కూడా అతనిదే. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారాలు చర్చిలో చివరి వరసలో కూర్చుని, పాట మొదలయ్యేసరికి లేచి వచ్చేస్తాడు. వెర్నర్ గురించి చెప్పమంటే ఊళ్ళో ఎవరైనా ఒక్కటే చెబుతారు: అతను చూసిన తుపాకీకి మూడో తూటాకల్లా గురి కుదురుతుంది. ఆ మూడు తూటాలూ కాల్చుకోవలసింది మాత్రం ఎవరి తుపాకీ వాళ్ళే, కంకర గొయ్యి దగ్గరికి వెళ్ళి. ఇన్నేళ్ళలో వెర్నర్ ట్రిగ్గర్ మీద వేలు పెట్టడం ఎవరూ చూడలేదు.

పని పూర్తయిన తుపాకీ పిడికి ఒక ఎర్ర చేతిరుమాలు కట్టి ఇస్తాడు. అది అతను సొంతంగా కొని ఇచ్చేది. ఎందుకని ఎవరూ అడగరు. తీసుకుని జేబులో పెట్టుకుంటారు.

రేపు శనివారం, జింకల వేట మొదలు. సుపీరియర్ సరస్సు మీంచి వచ్చే గాలికి నిన్న రాత్రి నాలుగంగుళాల మంచు పడింది. అడుగుజాడలు కనపడతాయని ఊరంతా సంబరం. కొట్లో పొయ్యి చుట్టూ మనుషులు కాఫీ కప్పులతో నిలబడి, ఒకరి మాట ఒకరు విననివ్వకుండా మాట్లాడుతున్నారు. గల్లాపెట్టె దగ్గర డెల్బర్ట్ లైసెన్సులు రాస్తున్నాడు. లైసెన్సు నంబరున్న కాయితాన్ని కోటు వీపున పిన్నీసుతో గుచ్చుకోవాలి.

"దేవదారు చిత్తడిలో ఒకటుంది. కొమ్ములకి పన్నెండు కొనలు. మూడేళ్ళుగా చూస్తున్నా," అన్నాడు లెస్టర్. అతను బడి బస్సు నడుపుతాడు. నోరు మాత్రం బస్సు ఆగినా ఆగదు.

"నిరుడు పది అన్నావు కదరా," అన్నాడు డెల్బర్ట్ తలెత్తకుండా.

"పెరగవేంట్రా కొమ్ములు? నీ పొట్ట పెరగలా?"

అందరూ నవ్వారు. ఆ ఊపులో లెస్టర్ ఇంకొకటి అందుకున్నాడు. "పోయినేడు పట్నం నుంచొచ్చిన ఒకాయన మా పెదనాన్న దూడని కాల్చి, పైగా దానికి, జింకకి కట్టే లైసెన్సు చీటీ కూడా కట్టాడు! వీళ్ళకి ఆకు కదిలితే చాలు. రేపు ఎవడు ఎవణ్ణి..."

ఆగిపోయాడు. పొయ్యిలో కట్టె చిటపటమంది. ఎవరూ వెనక బల్ల వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి వాళ్ళు పడ్డ అవస్థ చూసినట్టే ఉంది. లెస్టర్ మొహం కందిపోయింది. వెర్నర్ ఎర్ర రుమాలుకి ముడి బిగించి, "లెస్టర్, నీది అయిపోయింది," అన్నాడు మామూలుగా.

అలవాటే. ఏడాదికి ఒకసారైనా ఎవరో ఒకరి నోరు ఇలా జారుతుంది. ఆ తర్వాత గంటసేపు వెర్నర్‌కి కొట్టు చప్పుళ్ళన్నీ దుప్పటి కప్పినట్టు దూరంగా వినిపిస్తాయి. వాటి కింద ఇంకో చప్పుడు: దేవదారు కొమ్మలు విరుగుతున్న చప్పుడు, ఎవరో బరువైనదాన్ని ఈడుస్తున్నట్టు.

మధ్యాహ్నం రెండింటికి తలుపు గంట మోగింది. కొట్టు మళ్ళీ నిశ్శబ్దమైంది. ఈసారి వెర్నర్ తల ఎత్తాడు.

హిల్యా. చెల్లెలు. అరవై రెండేళ్ళ మనిషి, మగవాళ్ళ బూట్లు, నెత్తిన ఉన్ని టోపీ, చేతిలో పొడుగాటి తోలు సంచి. మూడు మైళ్ళ దూరంలో ఉంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా అతనితో మాట్లాడలేదు. చిన్నప్పుడు ఉల్లిపాయ ముక్కలు ఏరి అతని పళ్ళెంలో వేసే పిల్ల, ఇన్నేళ్ళూ మేకులు కావాలన్నా పక్క ఊరు పోయి కొనుక్కునేది. ఇప్పుడు నేరుగా వెనక బల్ల దగ్గరికి వచ్చి సంచి దాని మీద పెట్టింది.

"ఇది ఆర్విద్‌ది."

"తెలుసు," అన్నాడు వెర్నర్.

"ఏడాదికోసారి నూనె రాశాను. ఎందుకని అడక్కు, నాకే తెలీదు. రేపు ఆయన మంచె మీద నేను కూర్చుంటున్నా. లైసెన్సు తీసుకున్నా."

సంచి విప్పాడు. పాత తుపాకీ, స్కోప్ లేదు, గురికి గొట్టం కొన మీద ఇనప మొనగుర్తే. ఎక్కడా తుప్పు చుక్క లేదు. పిడి మీద బావ ఆర్విద్ నోట్లోనే పాట పాడుకుంటూ చాకుతో చెక్కుకున్న రెండక్షరాలు. వెర్నర్ బోల్టు తీయబోయాడు.

"గొట్టంలోంచి చూసి ఇచ్చెయ్యడం కాదు," అంది హిల్యా. "కాల్చి చూసి ఇవ్వాలి. నువ్వే."

డెల్బర్ట్ కలం పక్కన పెట్టాడు. "హిల్యా, అతను కాల్చడమ్మా. నేనొస్తా పద, నేను..."

"నేను నిన్నడిగానా డెల్బర్ట్?"

వెర్నర్ కాసేపు చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. తర్వాత కోటు తగిలించుకున్నాడు.

కంకర గొయ్యి దగ్గర నలుగురైదుగురు వరసగా కాలుస్తున్నారు. లెస్టర్ కూడా అక్కడే ఉన్నాడు. హిల్యా ట్రక్కులోంచి వెర్నర్ దిగడం చూసి ఒక్కొక్కరే తుపాకీలు దించారు. ఎవరూ చెప్పకుండానే బల్ల ఖాళీ చేసి వెనక్కి జరిగారు. లెస్టర్ పరిగెత్తుకు వెళ్ళి దూరాన చెక్కకి కొత్త కాయితం గుచ్చి వచ్చాడు. వచ్చాక నోరు మెదపలేదు.

వెర్నర్ కూర్చున్నాడు. చెంప పిడికి ఆనింది; చెక్క చల్లగా ఉంది. గొయ్యి గట్టు తెల్లగా, ఖాళీగా ఉంది. ఖాళీగా ఉందని చూశాడు. మళ్ళీ చూశాడు. చూపుడు వేలు గడ్డకట్టిన తాడులా ఉంది. అటువైపు ఎవరూ లేరు కదా అని అడగాలనిపించింది, కానీ ఎవరిని నమ్మాలి? ఆ రోజు తన కళ్ళే తనకి చెప్పాయి, అక్కడున్నది జింకేనని.

"ఎవ్వరూ లేరు," అంది హిల్యా వెనకనుంచి. "నేను చూస్తున్నా. కాల్చు."

మొదటి తూటా ఎడమకి పోయింది. మొనగుర్తుని సుత్తితో వెంట్రుకవాసి జరిపాడు. రెండోది దగ్గరికి వచ్చింది. మూడోది నల్లచుక్కలో దిగింది. ఆ చప్పుడు గొయ్యి అంచుల వెంట తిరిగి తిరిగి అణిగేదాకా అతను తల ఎత్తలేదు. భుజం అదురుతోంది.

ట్రక్కులో కూర్చున్నాక హిల్యా ఇంజను వేసింది కానీ కదిలించలేదు. వేడిగాలికి అద్దం మీద మంచు కరిగి కారుతోంది.

"ఆయన పోయిన రోజు షెరీఫ్‌తో ఏం చెప్పావు?" అంది.

"నీకు తెలుసు కదా."

"నీ నోటితో విననే లేదు నేను. ఆ రోజు తలుపు వేసుకున్నా కదా. వెంటనే పోయాడన్నావట. ఒక్క మాటైనా అనలేదన్నావట. అదే నన్ను తినేసింది. పన్నెండేళ్ళు కాపురం చేసినవాడు, పోతూ ఒక్క మాట లేకుండా పోతాడా? ఆయన ఎప్పుడైనా నోరు మూసుకున్నాడా?"

వెర్నర్ మోకాళ్ళ మీది తన చేతుల వంక చూసుకున్నాడు. "వెంటనే పోలేదు," అన్నాడు.

హిల్యా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇరవై నిమిషాలు ఉన్నాడు. ఒక జింకని కొట్టి ఈడుస్తున్నాడు. చెమటపట్టి ఎర్రకోటు విప్పి కొమ్మకి వేశాడట. వంగి మొహం తుడుచుకుంటున్నాడు, తెల్ల రుమాలుతో. నాకు తెల్లగా ఆడింది కనపడింది. పరిగెత్తే జింక తెల్లతోక అనుకున్నా. తోకే అనుకున్నా హిల్యా." ఊపిరి పీల్చుకున్నాడు. "నేను పరిగెత్తుకెళ్ళేసరికి కళ్ళు తెరిచి ఉన్నాడు. నన్ను చూసి, 'ఏరా బావా, జీవితమంతా కుడిపక్కకే కాలుస్తావు, ఇవాళే కుదరాలా నీ గురి?' అన్నాడు."

హిల్యా గొంతులోంచి ఏదో వచ్చింది. నవ్వో ఏడుపో తెలియదు. "ఆయనే," అంది. "ఆయనే అలా అంటాడు."

"మోసుకుపోతానన్నా. కదిపితే అరిచాడు. పక్కనే కూర్చున్నా. తర్వాత దుంపల గురించి మాట్లాడాడు."

"దుంపలా?"

"నేలమాళిగ కిటికీలో గడ్డి కుక్కలేదట. రాత్రికి మంచు గట్టిగా పడుతుంది, దుంపలు గడ్డకడతాయి, పిల్లలకి చలికాలం అంతా అవే అన్నాడు. మూడుసార్లు చెప్పాడు. చివరికి, 'నొప్పి పుట్టిందని దానికి చెప్పకు. వెంటనే పోయాడని చెప్పు. ఒట్టు వెయ్యి,' అన్నాడు. వేశాను."

కంకర గొయ్యి దగ్గర ఇంకెవరూ కాల్చడం లేదు. మనుషులు ఒక్కొక్కరే ఇళ్ళకి పోతున్నారు.

"ఆ గడ్డి," అంది హిల్యా మెల్లగా. "నాలుగో రోజు నేలమాళిగలోకి దిగితే కిటికీ నిండా కుక్కి ఉంది. ఆయనే వెళ్ళేముందు చేసి పోయాడనుకున్నా. ఆ గడ్డి పట్టుకుని ఏడ్చాను."

వెర్నర్ కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.

"నువ్వా?"

"షెరీఫ్ వదిలేసరికి రాత్రయింది. నీ ఇంట్లో దీపం వెలుగుతోంది. తలుపు కొట్టే ధైర్యం లేకపోయింది. వెనకనుంచి వెళ్ళి కుక్కి వచ్చేశా."

హిల్యా వైపర్లు వేసి అద్దం తుడిచింది. తర్వాత గేరు వేసింది. కొట్టు ముందు ట్రక్కు ఆపి, రోడ్డు వంకే చూస్తూ అంది:

"మంచె మీద ఇద్దరికి చోటుంది. తుపాకీ నా దగ్గరుంటుంది, నువ్వు ఊరికే కూర్చో. తెల్లారకముందు అయిదింటికి వస్తా. వస్తావా, అన్నయ్యా?"

ఆ పిలుపు విని ముప్పై ఒక్క ఏళ్ళు. అతను తలుపు పిడి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "వస్తా," అన్నాడు చివరికి. దిగాక ట్రక్కు మలుపు తిరిగేదాకా మంచులో నిలబడ్డాడు.

ఆ సాయంత్రం కొట్టు మూసేముందు వెర్నర్, వేటలో మనిషని దూరానికి తెలిసేలా వేసుకునే నారింజ రంగు చొక్కా ఒకటి తీసి డెల్బర్ట్ ముందు పెట్టాడు. లైసెన్సు కూడా రాయమన్నాడు. డెల్బర్ట్ పేరు రాసేటప్పుడు రెండుసార్లు తప్పు రాసి, కొట్టేసి, మూడోసారి సరిగ్గా రాశాడు. "ఒంట్లో బాగుందా? మొహం పాలిపోయింది," అన్నాడు. మెట్లెక్కుతూ వెర్నర్ గుండెల మీద చెయ్యి రాసుకుంటూ, "చాన్నాళ్ళకి కాల్చాను కదా, పిడి తగిలింది," అన్నాడు. పిడి ఆనేది కుడి భుజానికి, అతను రాసుకున్నది ఎడమ వైపని డెల్బర్ట్‌కి తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

తెల్లారకముందు అయిదింటికి హిల్యా కొట్టు ముందు ట్రక్కు ఆపింది. పైగదిలో దీపం వెలుగుతోంది. హారను కొట్టడం ఇష్టం లేక పది నిమిషాలు చూసింది. భయపడ్డాడేమో అనుకుంది. తర్వాత మెట్లెక్కి, తలుపు తోసింది.

వెర్నర్ మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కొత్త చొక్కా తొడుక్కున్నాడు, ధర చీటీ ఇంకా మెడ దగ్గర వేలాడుతోంది. ఒక బూటుకి తాళ్ళు కట్టుకున్నాడు. రెండోదాని తాళ్ళు చేతిలోనే ఉన్నాయి. తల కాస్త పక్కకి వాలి, ఎవరో చెప్పేది వింటున్నట్టుంది. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. చల్లబడిపోయింది. కింద కూర్చుని, ఎందుకో తనకే తెలియకుండా, రెండో బూటు తాళ్ళు కట్టింది.

వెలుగు వస్తుండగా అడవివైపు నుంచి మొదటి తుపాకీ చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకొకటి, ఇంకా దూరంగా. డెల్బర్ట్‌ని పిలవాలి, డాక్టరుని పిలవాలి. ఆమె లేవలేదు.

కిటికీ కింద చిన్న బల్ల మీద, మైనపు కాయితంలో చుట్టిన రై రొట్టె పొట్లాలు రెండు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని మీద ఏమీ లేదు. రెండోదాని మీద లావుపాటి పెన్సిలుతో, వణికిన అక్షరాల్లో రాసి ఉంది: చెల్లికి. ఉల్లిపాయ వెయ్యలేదు.