కేశవప్ప సీసాలో ఫాస్ఫేటు

ఆ కొత్త మిషన్‌ను చూస్తేనే రామకృష్ణప్పకు ఒళ్ళు మండేది. మిషన్ ఏం పాపం చేసింది పాపం! అసలు మంట దాని ముందు కూర్చున్న కేశవప్ప మీద. కావేరిపట్టణం నుంచి వచ్చిన వాడికి పిపెట్టు పట్టడం నేర్పింది తానే. ఇప్పుడు వాడు బెంగుళూరులో ట్రైనింగ్ పూర్తిచేసి వచ్చి, గ్యాసు మంటకన్నా ఎన్నో రెట్లు వేడిగా ఉండే ప్లాస్మాతో కొలిచే ఆ మిషన్ దగ్గర దొరలా కూర్చున్నాడు.

హోసూరు ఫ్యాక్టరీల బాయిలర్లలో పోసే నీళ్ళను వాళ్ళిద్దరూ పనిచేసే లేబరేటరీలో పరీక్షిస్తారు. వాటిలో కాల్షియం రవ్వంత ఉన్నా పట్టుకోవాలి. ఇన్నేళ్ళూ రామకృష్ణప్ప నీళ్ళను గ్యాసు మంటలోకి చిమ్మి కొలిచేవాడు. ఫాస్ఫేటు ఉంటే అది కాల్షియాన్ని వదలదు, లెక్క తగ్గిపోతుంది. లాంథనం మందు కలిపితే ఫాస్ఫేటు దాన్ని పట్టుకుని కాల్షియాన్ని వదిలేస్తుంది. ఆ కిటుకు తెలిసినవాడని అతనికి ఎంత పేరు!

"ప్లాస్మాకు ఆ మందు అక్కర్లేదన్నా. ఆ వేడికి ఫాస్ఫేటు ఆటలు సాగవు," అన్నాడు కేశవప్ప ఒకరోజు.

బడాయి, అనుకున్నాడు రామకృష్ణప్ప.

ఇన్‌ఛార్జి పదవి ఖాళీ అయింది. ఓనరు పద్మనాభం శుద్ధమైన నీళ్ళలో కొలిచి కాల్షియం కలిపి, రెండు సీసాల్లో పోసి చెరొకటి ఇచ్చాడు. "సరిగ్గా చెప్పినోడే ఇన్‌ఛార్జి," అన్నాడు.

కేశవప్ప టీకి వెళ్ళాడో లేదో, రామకృష్ణప్ప వాడి సీసాలో ఫాస్ఫారిక్ ఆసిడ్ చుక్కలు వేశాడు. ఇక ఏడువురా, అనుకున్నాడు.

ఏడుపెక్కడ! ప్లాస్మా లెక్క సరిగ్గా వచ్చింది. రామకృష్ణప్ప సీసాకు మంట లెక్కా సరిగ్గానే వచ్చింది.

"అయితే సీసాలు మార్చుకోండప్పా," అన్నాడు పద్మనాభం.

రామకృష్ణప్ప తాను ఆసిడ్ వేసిన సీసా వైపు చూశాడు. కేశవప్ప సీసా ఇప్పుడు అతని మంటలోకి వెళ్ళాలి. లాంథనం అలమరలోనే ఉంది. కానీ ఉత్త నీళ్ళకు ఆ మందెందుకని అడిగితే ఏం చెప్పాలి? మందు వెయ్యకుండానే కొలిచాడు. లెక్క సగానికి పడిపోయింది. కేశవప్పకు మళ్ళీ సరిగ్గా వచ్చింది.

"ఇంగ కేశవప్పే," అని పద్మనాభం తన గదిలోకి వెళ్ళిపోయాడు.

కేశవప్ప దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "లాంథనం ఎందుకు ఎయ్యలేదన్నా?"

"నీళ్ళలో ఫాస్ఫేటు యాడుందిరా?"

"ఉండాదన్నా. నా మిషన్‌లో కాల్షియంతో పాటే ఫాస్ఫరస్సూ కనపడతాది. మొదటిసారే చూసినాను. సారుకు చెప్పలేదు, చెప్పను కూడా. నువ్వు నాకు పని నేర్పించినోడివి."

వాడు చెంప పగలగొట్టినా ఇంత మండేది కాదు. కుర్చీ వాడిదే, మిషనూ వాడిదే, మంచితనం కూడా వాడిదేనా? రేపటినుంచి వాడి దయ మీద ఇక్కడ బతకాలా?

రామకృష్ణప్ప విసురుగా పద్మనాభం గది తలుపు తోశాడు.

"వాని సీసాలో ఫాస్ఫేటు నేనే పోసినాను సార్," అన్నాడు. "వాడు చెప్పకముందే నేను చెప్పినాను. అది గుర్తుపెట్టుకోండి."