బండికంటే ముందు వచ్చిన పొగ

కెలమంగలంలో ఉదయ్ కుమార్ పికప్ బండి సాయంత్రానికి ఇల్లు చేరేది. దాని పొగ మాత్రం దీపాలు పెట్టే వేళకు గానీ వచ్చేది కాదు. రాయకోట రోడ్డు వెంట నింపాదిగా నడిచి, బస్టాండు దగ్గర మలుపు తిరిగి, మేతకు పోయిన ఆవు మాదిరి నేరుగా వాళ్ల వాకిట్లోకి వచ్చి నిలబడేది. ఉదయ్ తల్లి మునిలక్ష్మమ్మ చీపురు పట్టుకుని కాచుకుని ఉండేది. పొగను అదిలించి, ఖాళీగా పడున్న పశువుల కొట్టంలోకి తోలి గొళ్లెం పెట్టేది. బండి ఇంటికి వచ్చేసి ఉంటుంది కాబట్టి తెల్లారేసరికి ఆ పొగ కరిగిపోయేది.

అది సెకండ్ హ్యాండ్ బండి. కొన్న మొదటి రోజు నుంచీ దాని పొగకు ఆ అలవాటుంది. వీధిలో వాళ్లు దారి ఇచ్చేవాళ్లు, అంతే. ఎవరి బండి గుణం వాళ్లది.

మునిలక్ష్మమ్మకు ఆ పొగంటే కోపం లేదు, భయం ఉంది. ఆ ఇంటికి తిండి పెట్టేది పట్టుపురుగులు. పురుగులు మేపే ఇంట్లో అగరొత్తి వెలిగించరు, మిరపకాయ తాళింపు పెట్టరు, తలకు వాసన నూనె రాసుకోరు. కాస్త పొగ తగిలితే చాలు, చాటంత తట్టలో పురుగులన్నీ తలలు వాల్చేస్తాయి. అందుకే పెరట్లో ఉన్న పురుగుల ఇంటి తలుపుకు ఎప్పుడూ తడి గోనెపట్టా వేలాడేది. మేత వేసే కోడలు ఆశ తప్ప వేరే మనిషి లోపల అడుగు పెట్టకూడదు.

రెండువేల మూడులో ఆ బండికి ఆయాసం పట్టుకుంది. ఇంజను నుంచి పొగ బయటపడే చోట ఉండే పోత ఇనుప మానిఫోల్డు పగిలింది. కృష్ణగిరిలో కోసుగడ్డ, అదే క్యాబేజీ, దించి, తిరుగు దారిలో ఎరువు మూటలు వేసుకుని ఎక్కుడు ఎక్కాలంటే బండి మూలిగేది. సగం పొగ క్యాబిన్‌లోకే వచ్చి ఉదయ్‌కి తలనొప్పి తెచ్చేది. ఒకరోజు రాయకోట దగ్గర స్టీరింగు మీదే సొమ్మసిల్లి పడినాడని తెలిశాక ఆశ ఊరుకోలేదు. దాన్ని బాగు చేయించేదాకా బండి తాళాలు తన దగ్గరే పెట్టుకుంది.

మత్తిగిరిలో మెకానిక్ మారియప్ప బండి కిందికి దూరి చూసి, మొహం చిట్లించుకుంటూ బయటికి వచ్చాడు. బెంగుళూరు పాత సామాన్ల అంగళ్లలో ఇదే రకం మానిఫోల్డు దొరుకుతుంది గానీ, అదీ ఎవరో పగలగొట్టుకుని అతికించిందే ఉంటుందన్నాడు. దాని బదులు హెడరు వేయించుకోమన్నాడు. నాలుగు సిలిండర్లకు నాలుగు ఉక్కు పైపులు వేరువేరుగా వంచి, కింద ఒకే గొట్టంలో కలుపుతారు. ఒక సిలిండరు పొగ ఇంకో సిలిండరు పొగకు అడ్డం రాదు. అందులోనూ రెండు రకాలు. పొట్టి పైపులది ఇంజను పక్కనే ముగిసిపోతుంది, బండి కాస్త తేలికపడుతుంది. పొడుగు పైపులది నాలుగూ ఒకే కొలతలో ఒంపులు తిరిగి కిందిదాకా పోతుంది, ఎక్కుడులో బాగా లాగుతుంది.

"పొట్టిది చాలప్పా నీకు," అన్నాడు మారియప్ప. "పొడుగుది పెడితే రెండో పైపు బ్రేకాయిల్ పైపుకు ఆనుకొని పోవాల. ఆడ జాగా లేదు."

ఉదయ్ రెండు రకాలూ చేతిలోకి తీసుకుని చూశాడు. ఎక్కుడులో తన వెనక హారన్లు కొట్టే లారీలు గుర్తుకొచ్చాయి. అంత కష్టపడి బండికి చేయించేటప్పుడు సగం పని ఎందుకని పొడుగుదే కావాలన్నాడు. మారియప్ప స్పానరు అందుకున్నాడు. వద్దన్న పనిని కూడా వంక లేకుండా చేసే మనిషి ఆయన.

పాత మానిఫోల్డు ఊడిరావడమే పెద్ద పనైంది. బోల్టులన్నీ తుప్పు పట్టి ఇంజనుకు అతుక్కుపోయాయి. కిరసనాయిలు పోసి నానబెట్టి, సుత్తితో తట్టి తట్టి తిప్పినా ఒకటి లోపలే విరిగింది. దాన్ని డ్రిల్లుతో తొలిచి తీసి, కొత్త గాస్కెట్ పెట్టి, హెడరును ఎత్తి పట్టుకుని నడిమి బోల్టుల నుంచి చివరి బోల్టుల వైపు కొద్దికొద్దిగా బిగించాడు మారియప్ప. ఇంజను స్టార్ట్ చేసి ప్రతి అతుకు దగ్గరా చెయ్యి అడ్డం పెట్టి చూశాడు, ఎక్కడా పొగ తగల్లేదు. మూలుగు పోయి బండి గొంతు గంభీరంగా మారింది. అప్పుడు రెండో పైపుకు, బ్రేకు పైపుకు మధ్య వేడి తగలకుండా ఆస్బెస్టాస్ తాడు దట్టంగా చుట్టి తీగతో కట్టాడు.

"ఈ తాడు మాత్రం తీయొద్దప్పా," అన్నాడు. "దిగుడులో బ్రేకాయిల్ కాగితే కాలు పెడల్ మీద ఉన్నా బ్రేకు ఉండదు."

ఉదయ్ సరేనన్నాడు. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాడు. అయితే కొత్త తాడు వేడెక్కినప్పుడల్లా కమురు వాసన వచ్చేది. వెనక వేసుకొచ్చిన మల్బరీ ఆకుకు ఆ వాసన పట్టింది. పురుగులు ఆకును ముట్టలేదు. మూడోసారి కుబుసం విడిచే జ్వరం తీరి ఆకలి మీదున్న పురుగు ఆకు ముందు పెట్టుకుని పస్తులుంటే మునిలక్ష్మమ్మ తానే పస్తున్నట్టు విలవిల్లాడింది. ఏ వాసన పోగొట్టాలన్నా ముందు దాని మూలం తీసేయడం ఆ ఇంటి మనుషులకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఉదయ్ కొడవలి తీసుకుని బండి కిందికి దూరి తాడు కోసేశాడు. మర్నాడు పురుగులు ఆకు తిన్నాయి. ఇంటిల్లిపాదీ సంతోషపడ్డారు.

హెడరు పెట్టిన మొదటి వారం పొగ బండితోపాటే ఇల్లు చేరింది. తరవాత బండికంటే ముందే రావడం మొదలుపెట్టింది. పొగ రాగానే ఆశ స్నానానికి నీళ్లు కాచేది. దారిలో వాన పడితే పొగ తడిసి వచ్చేది, ఎరువు మూటలు వేసుకుంటే ఎరువు వాసనతో వచ్చేది. పోనుపోనూ బండి ఇంకా వాకిట్లో ఉండగానే, ఉదయ్ పళ్లు తోముకునే వేళకే ఆ రోజు ప్రయాణం పొగ వచ్చేయసాగింది. ఒకరోజు అందులో ఎండు చేపల కంపు కొట్టింది. సాయంత్రం నిజంగానే ఎవరో బతిమాలితే ఉదయ్ చేపల తట్టలు వేసుకొచ్చాడు. దారి ఎట్లా ఉందో తెలుసుకోవడానికి మిగతా డ్రైవర్లు కూడా పొద్దున్నే వచ్చి ఆ పొగను చూసిపోయేవాళ్లు.

దానికి ఒక్కటే మొండితనం. ఒకసారి పొగలో కాలిన టైరు వాసన వచ్చిందని ఉదయ్ బండి తీయలేదు. మర్నాడు కొత్త పొగ రాలేదు, పాతదే వాకిట్లో కూర్చుని ఉంది. ఎన్నాళ్లున్నా అది కదలదని తేలాక బండి తీశాడు, షూలగిరి దగ్గర టైరు పేలింది. బండి ఇల్లు చేరినాకే పొగ కరిగింది. వచ్చిన పొగ తాలూకు ప్రయాణం ఎవరో ఒకరు చేసి తీరాలని అందరికీ అర్థమైంది.

మార్గశిరం చలిలో, పురుగులు పండి గూళ్లు కట్టడానికి సిద్ధంగా ఉన్న రోజుల్లో, ఆశ కల్లాపి చల్లడానికి తలుపు తీసింది. పొగ అప్పటికే గేటు దగ్గర ఉంది. నల్లగా, నేలకు ఆనుకుని, లోపలికి రావడానికి కాళ్లు రానట్టు ఉంది. వంగి వాసన చూసింది. కాగిన బ్రేకు కమురు, చెక్కుకుపోయిన చింతమాను పచ్చి వాసన, నెత్తురు. రోజూ పొగలో తిరుగు దారి వాసన కూడా ఉండేది. ఈ పొగకు తిరుగు దారి లేదు.

ఉదయ్‌కి చెబితే ఇవాళ ఆగుతాడు. కానీ పొగ కూర్చుని ఉంటుంది, ఊళ్లో ఎవరూ ఆ బండి ఎక్కరు, చివరికి ఏదో ఒకరోజు తన బండి కదా అని తనే ఎక్కుతాడు. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. నా మొగుడు కాకూడదు, అనుకుంది. కొట్టంలో అత్త చప్పుడు వినిపిస్తోంది. వీధిలో తలుపులు తెరుచుకుంటున్నాయి. మూడో కంటికి తెలియని చోటు ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. ఆశ చీపురు తీసుకుని పొగను పెరట్లోకి తోలి, తడి గోనెపట్టా ఎత్తి, పురుగుల ఇంట్లోకి నెట్టి తలుపు వేసింది. తాను పెంచిన పురుగులకు ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. ఏడుస్తూనే గొళ్లెం పెట్టింది.

తరవాత పోయి కళ్లు తిరుగుతున్నాయని పడుకుంది. కోసుగడ్డ రాత్రే బండికి ఎక్కించి ఉంది, కృష్ణగిరిలో వ్యాపారి ఎదురుచూస్తుంటాడు. నువ్వు కదలొద్దు, బండికి లింగప్పన్నను పంపుతానని ఉదయ్ అన్నాడు. ఆశ వద్దనలేదు.

లింగప్ప వెనక వీధి మనిషి, ఎవరు పిలిస్తే వాళ్ల బండి తోలేవాడు. తాళాలు తీసుకోవడానికి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"పొగ వచ్చిందేమ్మా? దోవ ఎట్లుండాదో?"

"ఇంకా రాలేదన్నా," అంది ఆశ, గోడ వైపు తిరిగి.

"సరేలేమ్మా. నువ్వు పడుకో."

బండి గంభీరంగా గొంతు సవరించుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి కబురు వచ్చింది. కృష్ణగిరి దిగుడులో బ్రేకు పట్టలేదు. బండి చింతమానుకు కొట్టుకుంది. లింగప్ప అక్కడికక్కడే పోయాడు. మారియప్ప పోయి బండి కిందికి చూసి, తాడు యాడ అని ఒకే మాట అడిగాడట. ఉదయ్ కుమార్ రోడ్డు మీదే కూలబడి, తానే చంపానని తల బాదుకున్నాడు. ఇంటికి వచ్చాక కూడా అదే మాట. నువ్వు కాదు అని చెప్పగలిగిన మనిషి పక్కనే ఉండి నోరు మెదపలేదు.

లింగప్ప అంత్యక్రియలు అయిన మర్నాడు ఆయన భార్య తిమ్మక్క వచ్చింది. మునిలక్ష్మమ్మ ఆమెను పట్టుకుని ఏడ్చి, ఆ పాడు పొగ ఆ ఒక్క రోజే రాకపోయిందే అని వాపోయింది. తిమ్మక్క ఏడవలేదు. పెరట్లోకి నడిచింది. ఆశ అక్కడ గుంట తవ్వి, తట్టలకొద్దీ చచ్చిన పురుగులను అందులో పోస్తోంది. చలికి పోయినాయని అత్తతో చెప్పింది. పురుగు చలికి చస్తే తెల్లగా చస్తుంది. ఇవి పొగకు చచ్చినవాటిలా నల్లగా ఉన్నాయి. తిమ్మక్క కూడా పుట్టినప్పటి నుంచీ పురుగులు మేపిన మనిషే.

"తలుపు తియ్యమ్మా," అంది.

"అక్కా..."

"నిన్ను ఏమీ అనను. ఆయప్పను పూర్తిగా చూడనియ్యలేదు నాకు. గుడ్డ కప్పి ఇచ్చినారు. ఉండే పొగన్నా ఇయ్యి."

ఆశ గొళ్లెం తీసింది. బండి ఇల్లు చేరలేదు కాబట్టి పొగ కరగలేదు. ఖాళీ తట్టల కింద మూలన ముడుచుకుని ఉంది. తిమ్మక్క దాని పక్కన కూర్చుని, ముఖం లోపలికంటా పెట్టి చాలాసేపు ఊపిరి పీల్చింది.

"బీడీ వాసన," అంది. "నేను తిడతానని దోవలో తాగేవాడు."

ఉదయ్ కుమార్ జన్మలో బీడీ ముట్టలేదు. ఆ పొగ మొదటి నుంచీ లింగప్పదే. ఆ పొద్దున ఆశ తోలి దాచింది తన మొగుడి చావును కాదు. దాచబట్టే లింగప్ప ఆ బండి ఎక్కాడు. గుమ్మంలో అలికిడైతే తిరిగి చూసింది. ఉదయ్ నిలబడి ఉన్నాడు, అన్నీ విన్నాడు. ఆశ అతని చెయ్యి పట్టుకోబోయింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తిమ్మక్క లేచి బయటికి నడిచింది. పొగ లేచి ఆమె వెంట పోయింది. పెరడు దాటి, వాకిలి దాటి, నడివీధిలో ఆమెకు రెండడుగుల వెనక నడిచింది. అంగడి మెట్ల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఆ పొగ ఏ ఇంట్లో నుంచి వచ్చిందో అందరూ చూశారు. మునిలక్ష్మమ్మ అరుగు మీద కూర్చుని కొంగుతో ముఖం కప్పుకుంది. ఉదయ్ కుమార్ చెప్పులు కూడా వేసుకోకుండా గేటు తీసుకుని ఆ పొగ వెనకాలే పోయాడు.

చీకటి పడేదాకా ఆశ గేటు దగ్గరే నిలబడింది. అతను లింగప్ప ఇంటి ముందు నేల మీద కూర్చున్నాడనీ, ఎవరు పిలిచినా పలకడం లేదనీ వీధిలో వాళ్లు వచ్చి చెప్పారు. అన్నం పెట్టి మూసి ఉంచింది. ఆ రాత్రి అతను రాలేదు, తరవాతా రాలేదు.