జారని ముడి

ఆస్పత్రిలో కట్లు విప్పే రోజున భర్త తిరుపాల్ చేతుల వంక చూడకూడదని భీమక్క గట్టిగా అనుకుంది, కానీ చూసింది. కుడిచేతికి చిటికెనవేలు ఒక్కటే మిగిలింది. ఎడమచేతికి బొటనవేలూ చూపుడువేలూ లేవు. నర్సమ్మ దూది తీసి పారేస్తూ "పుండు బాగా మానిందమ్మా" అంది సంతోషంగా. తిరుపాల్ తన చేతులను చూసుకోలేదు. కిటికీ బయట ఎవరో ఉతికి ఆరేసిన దుప్పట్లను చూస్తూ కూచున్నాడు. ఆదోనికి తిరిగొచ్చే బస్సులో ఆ రెండు చేతుల మీదా తువ్వాలు కప్పుకుని, ఎవరో దాచిపెట్టమని ఇచ్చిన వస్తువుల్లా వాటిని ఒళ్ళో పెట్టుకున్నాడు.

అతను బోర్లలో మోటార్లు దించే పని చేసేవాడు, చెడిపోతే పైకి తీసేవాడు. బాలరాజు అనే అతని గుంపు అది. మూడుకాళ్ళ ఇనుప స్టాండు, గొలుసు కప్పీ, క్లాంపులు, తాళ్ళు ఆటోలో వేసుకుని ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేవాళ్ళు. బోరులోంచి పైకొచ్చే ఇనుప పైపు నీళ్ళతోనూ పాచితోనూ చేపలా జారుతూ ఉంటుంది. దాన్ని నిలిపి ఉంచేది క్లాంపు, బోల్టులతో బిగించే ఇనుప పట్టు. క్లాంపు వదిలిందంటే కింద వేలాడుతున్న పైపులూ మోటారూ అన్నీ బోరు అడుక్కి పోతాయి. అందుకని పైపుకు ఒక తాడు కట్టి, రెండో కొసను స్టాండుకు బిగిస్తారు. అయితే నున్నటి పైపుకు ఎంత గట్టిగా ముడి వేసినా, పైపు కిందికి దిగుతుంటే ఆ ముడి వేలికి వదులైన ఉంగరంలా పైకి జారిపోతుంది.

తిరుపాల్ వేసే ముడి జారేది కాదు. బరువు పడేకొద్దీ పైపును ఇంకా కరిచి పట్టుకునేది. పని అయ్యాక కొసను వెనక్కి తోస్తే ఊడివచ్చేది. ఆ ముడికి పేరు కూడా లేదు. పాత బావుల్లో పూడిక తీసి, రాళ్ళెత్తి బతికిన అతని మేనమామ మద్దయ్య అతనికి నేర్పి కన్నుమూశాడు. గుంపులోవాళ్ళు ఆ ముడిని రోజూ చూసేవాళ్ళే, కానీ తిరుపాల్ ఉన్నాడు కదా అని ఎవరూ నేర్చుకోలేదు.

ఆ రోజు చిప్పగిరి దగ్గర ఒక టమాటా చేను. తిరుపాల్ గొలుసు లాగుతున్నాడు. తాడు బాలరాజు కట్టాడు. చేను ఎండిపోతాందని రైతు ఒకటే తొందర పెడుతుంటే, బాలరాజు తనకు వచ్చిన ముడే వేసేశాడు. క్లాంపు బోల్టు తెగింది. తాడు జారింది. పైపు దిగిపోతుంటే తిరుపాల్ ఏమీ ఆలోచించకుండా రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు. పైపుల అతుకు దగ్గర ఉండే లావు కాలరు అతని వేళ్ళను ఈడ్చుకుపోయి, సగం ఊడిన క్లాంపు ఇనుముకేసి నలిపేసింది.

ఇంటికొచ్చాక అతని నోట ఒకటే మాట. "నా ముడి పడింటే జారేది కాదు." అన్నం కలిపి ముద్ద నోటికి అందించినా అదే మాట, గుండీలు పెడుతున్నా అదే మాట. భీమక్క మొదట్లో "అవును" అనేది. తర్వాత అనడం మానేసింది. అతనికి ఆమె జవాబుతో పనిలేదని ఆమెకు అర్థమైంది. ఆ మాటను పట్టుకునే అతను పొద్దున లేస్తున్నాడు.

ఒకరోజు బాలరాజు వచ్చాడు. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు.

"అన్నా, కోడుమూరు కాడ ఇంగో మోటారు పోయింది. మళ్ళీ తాడు జారింది. ఆ ముడి మాలో ఎవురికీ రాదు."

తిరుపాల్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"సెప్పన్నా. ఎట్లనో నేర్పీ."

తిరుపాల్ తువ్వాలు కింది నుంచి రెండు చేతులూ తీసి చూపించాడు. "వీటితోనా?"

బాలరాజు తల దించుకున్నాడు. తర్వాత భీమక్క వైపు తిరిగి, "వదినా, నువ్వు నేర్సుకో. అన్న నీకైతే సెప్తాడు. బరువు లాగే పని మాది. నువ్వొచ్చి తాడు కడితే సాలు. అన్న జాగా నీకిస్తా" అన్నాడు. అతను వెళ్ళిపోయాక ఆ మాట ఇంట్లోనే ఉండిపోయింది. గుంపు పనికి ఆడమనిషి పోవడం ఆ చుట్టుపక్కల ఎవరూ చూసింది కాదు. కానీ భీమక్క కలుపు తీసి తెచ్చే కూలి ఇద్దరికీ చాలడం లేదు. పైగా అతను ఈ పని చెబుతూ అయినా నాలుగు మాటలు మాట్లాడతాడని ఆమె ఆశ.

పందిరి గుంజ దగ్గర నైలాను తాడు పెట్టుకుని కూచున్నారు.

"పైనుంచి కిందికి సుట్టు. బరువుకు ఎదురుగా కాదు. ఆఁ. ఇంగోటి. ఇంగోటి. ఇప్పుడు కొస పైకి తెచ్చి... ఆ సందులోంచి తియ్యి."

"ఏ సందు?"

"అదే, ఆ సందు."

"రెండుండాయి గదా, ఏ సందయ్యా?"

"కండ్లు లేవా మే నీకు? అదే!"

ఆమె ఒకదానిలోంచి తీసి లాగింది. ముడి గుంజ మీద సర్రున జారింది. రెండో సందులోంచి తీసి లాగింది. తాడు మొత్తం విడిపోయి చేతిలోకి వచ్చింది. అతను కళ్ళు మూసుకుని, లేని వేళ్ళతో గాలిలో ముడి వేయబోయాడు. కుడిచేయి ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది, అక్కడ ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగిపోయింది.

రోజులు గడిచేకొద్దీ అతని మాటలు ఇంకా చిక్కుపడ్డాయి. నిన్న కొస పైనుంచి పోవాలన్నవాడు ఇవాళ కిందినుంచి అనేవాడు. ఆమె అడిగితే కసురుకునేవాడు. ఒకసారి తాడును కాలితో తన్నేసి, గోడకు తిరిగి పడుకున్నాడు. గోడతోనే అన్నట్టు మెల్లగా అన్నాడు.

"మర్సిపోతాండా మే. వేళ్ళకు తెలిసింటాది, నాకు తెలీదు. వేళ్ళతో పాటే అదీ పాయ."

ఆస్పత్రిలో కూడా భీమక్క ఇంత భయపడలేదు. అక్కడ పోయిందేదో కంటికి కనిపించింది. ఇది అతని లోపలే ఎక్కడో రోజుకింత కరిగిపోతోంది. దానికి కట్టు కట్టేవాళ్ళు లేరు.

ఆమె తాడు తీసి చుట్టపెట్టింది. నాలుగు రోజులు దాని జోలికి పోలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం అతనికి గంజి తాగిస్తూ ఊరికే అడిగినట్టు అడిగింది. "మద్దయ్య మామ నీకెట్ల నేర్పె?"

"ఆయప్ప యాడ నేర్పినాడు? నోట్లో ఎప్పుడూ ఆకు వక్కే. మాటే వచ్చేది కాదు. యెనక నిలబడి నా సేతులు పట్టుకోని తిప్పేటోడు, అంతే."

ఆమె గిన్నె కింద పెట్టింది. తర్వాత లేచి, అతన్ని గుంజ ముందు కూచోబెట్టి, తను అతని వెనక మోకాళ్ళ మీద కూచుంది. అతని చంకల కిందుగా తన చేతులు ముందుకు చాచి, తాడు తీసుకుంది.

"నీ సేతులు నా సేతుల మీద పెట్టు. కండ్లు మూస్కో. సెప్పద్దు. పని మాదిరి సెయ్యి."

"పిచ్చిదానా."

"సెయ్యయ్యా."

మొండి వేళ్ళు ఆమె మణికట్ల మీదకు వచ్చాయి. ఆమె గడ్డం అతని భుజం మీద ఆనించి, ఏమీ చూడకుండా, ఆ ఒత్తిడి ఎటు నెడితే అటు తన చేతులను పోనిచ్చింది. చుట్టు. చుట్టు. ఇంకో చుట్టు. ప్రతిసారీ ఆగిపోయే చోట అతని కుడి మణికట్టు ఉన్నట్టుండి లోపలికి మడిచినట్టు తిరిగింది. ఆమె చేయి దానితో పాటే తిరిగింది. కొస దేని కిందినుంచో దూరి, వెనక్కి వచ్చి, తన మీదే పడుకుంది. అది పైసందూ కాదు, కిందిసందూ కాదు. చేయి తిరిగితే తప్ప అక్కడ సందే లేదు.

అతను కళ్ళు తెరిచి చూశాడు. "అదే" అన్నాడు. "అదే మే."

పెరట్లో పాత పైపుముక్క ఒకటి దూలానికి వేలాడదీసి, నూనె పూసి, దానికి ఆ ముడి వేసింది భీమక్క. తాడు పట్టుకుని తన బరువంతా వదిలి వేలాడింది. ముడి కిర్రుమంది కానీ కదల్లేదు. ఆమె నవ్వుతూ అతని వంక చూసింది. అతనూ నవ్వాడు. చిప్పగిరి నుంచి వచ్చాక అదే మొదటిసారి.

ఆ వారమే బాలరాజు పిలిచాడు. ఎమ్మిగనూరు దాటాక ఒక పత్తి చేను, రఘునాథ్ అనే రైతుది. మోటారు బోరులో ఇరుక్కుని ఉంది. భీమక్క తిరుపాల్ పాత చొక్కా చీర మీద వేసుకుని ఆటో ఎక్కింది. చేను గట్టు మీద రఘునాథ్ తల్లి పుల్లమ్మ కూచుని ఉంది. తాడు పట్టుకుని నడుస్తున్న ఆడమనిషిని చూసి కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుంది.

భీమక్క పైపు ముందు కూచుని, కళ్ళు మూసుకుని ముడి వేసింది. గుంపువాళ్ళు గొలుసు లాగారు. ఇరుక్కున్న మోటారు ఎక్కడో లోపల కదిలి, పైపు పైకి రావడం మొదలుపెట్టింది. ఒక పైపు విప్పి పక్కన పెట్టారు. రెండోది విప్పారు. ప్రతిసారీ ఆమె ముడి ఊడదీసి మళ్ళీ వేసింది. మూడో పైపు సగం పైకి వచ్చాక, క్లాంపు పట్టు తప్పింది.

పైపు జర్రున దిగింది. "ఇడిసిపెట్టండ్రా, సేతులు పెట్టద్దండి!" అని బాలరాజు అరిచాడు. తాడు ఒక్క దెబ్బకు బిగిసి, స్టాండు మూడు కాళ్ళూ మూలిగాయి. పైపు నిలబడిపోయింది. పైనుంచి అడుగు దాకా ఆ బరువంతా ఆ ఒక్క ముడి మీద వేలాడుతోంది. "పట్టింది వదినా!" అన్నాడు బాలరాజు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

క్లాంపు మళ్ళీ బిగిస్తున్నారు. అప్పుడు బోరు లోపలి నుంచి, ఎంతో లోతు నుంచి, టప్పుమని ఒక చప్పుడు వచ్చింది. తాడు సడలింది. పైపు గడ్డిపోచలా తేలికైపోయింది. పైపుల అతుకులో తుప్పు తిన్న మర దగ్గర కింది పైపు తెగిపోయి, మోటారుతో సహా అడుక్కి పోయింది. పైకి తీసి చూస్తే, ముడి పైపును కరుచుకుని ఎక్కడ వేసింది అక్కడే ఉంది.

రఘునాథ్ చేలోనే చతికిలబడ్డాడు. పుల్లమ్మ లేచి వచ్చింది. "ఆడది తాడు ముడితే బోరు మింగక ఏం సేస్తాది? నేను అప్పుడే అనుకుంటి" అంది. భీమక్క ముడి చూపిస్తూ, "జారల్యా అవ్వా, సూడు" అంది. ఎవరూ చూడలేదు. బాలరాజు కూడా చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, "పనుంటే పిలుస్తాలే వదినా" అన్నాడు. ఇక పిలవడని ఆమెకు తెలిసింది.

దారి పొడుగునా ఆమె ఒక్క మాటను మాత్రం భద్రంగా పట్టుకుని వచ్చింది. పని పోతే పోయింది, అతని ముడి నిలబడింది. ఆ మాట చెబితే అతనికి కాస్త ఊరటగా ఉంటుంది.

తిరుపాల్ గడప మీదే కూచుని ఉన్నాడు. "జారిందా?"

"జారల్యా. క్లాంపు వదిలితే నీ ముడే పట్టింది. అందరూ సూసిరి."

అతని ముఖం విచ్చుకుంది. "మోటారు వచ్చిందా?"

"రాల్యా. అడుగున పైపే తెగిపాయ."

అతను తన చేతుల వంక చూసుకున్నాడు. "అయితే ఆ పొద్దు నా ముడి పడింటే మాత్రం..." అన్నాడు, మాట పూర్తి చేయలేదు. చిప్పగిరి పైపులు ఎంత పాతవో, ఎంత తుప్పు పట్టి ఉన్నాయో అతనికి బాగా తెలుసు. ముడి పట్టి ఉన్నా ఆ కుదుపుకు పైపే తెగి, ఏ మోటారు కోసం చేతులు పెట్టాడో అది ఎలాగూ అడుక్కి పోయేదే.

అప్పుడు గానీ భీమక్కకు తను మోసుకొచ్చింది ఏమిటో తెలియలేదు. తను సరిగ్గా వేయక ముడి జారిందని అబద్ధం చెప్పినా బాగుండేదేమో అనుకుంది. అతనికి తిట్టుకోవడానికి ఒక మనిషి, ఒక ముడి మిగిలేవి. అతను లోపలికి పోయి పడుకున్నాడు. ఆమె అన్నం కలిపి తీసుకుపోతే నోరు తెరవలేదు.

ఆ ఏడు వాన ముఖం చాటేసింది. పత్తి ఒక్కసారి ఏరగానే అయిపోయింది. మిరపకాయలు కోయడానికి గుంటూరు పక్కకు జనం బయలుదేరుతున్నారని పక్కింటి హనుమక్క వచ్చి చెప్పింది. "నువ్వూ రా భీమక్కా. ఈడుండి ఏం తింటారు?"

"ఆయప్పను ఎవురు సూస్కుంటారక్కా? ముద్ద పెట్టాలంటే నేనే గదా."

"తోడుకోని రా."

భీమక్క లోపలికి వెళ్ళి అడిగింది. తిరుపాల్ కప్పు వైపు చూస్తూ, "ఆడికొచ్చి నేనేం సెయ్యాల? నువ్వు పో" అన్నాడు. అతని గొంతులో కోపం కూడా లేదు.

తెల్లారి కూలి జనాన్ని తీసుకుపోయే మేస్త్రీ బండి వీధి మొగదాకా వచ్చింది. చాపలు, వంటపాత్రలు, పిల్లలు, బియ్యం మూటలు ఎక్కాయి. హనుమక్క ఎక్కుతూ వెనక్కి తిరిగి చూసింది. భీమక్క రాలేనని తల అడ్డంగా ఊపింది. బండి ఎమ్మిగనూరు రోడ్డు ఎక్కి కనుమరుగయ్యాక, ఆమె వీధిలో అటూ ఇటూ చూసింది. అన్ని తలుపులకూ తాళాలు ఉన్నాయి. తెరిచి ఉన్నది వాళ్ళ తలుపు ఒక్కటే. ఆమె లోపలికి వెళ్ళి, అతనికి ముఖం కడగడానికి చెంబులో నీళ్ళు ముంచింది.